రెండు వందల నలభై చుక్కల ముఖం

జాతీయ మహిళల కబడ్డీ పోటీల్లో రాష్ట్రాన్ని గెలిపించిన గొర్లె నూకరత్నం, టీవీలో ఎలా కనిపించిందో అచ్చం అలాగే, మసకమసకగా, గళ్లుగళ్లుగా చోడవరంలో బస్సు దిగింది. కండక్టరు ఆశ్చర్యపోలేదు. కబడ్డీ వాళ్లు, ఖోఖో వాళ్లు అలాగే దిగుతారని అతనికి తెలుసు. చేయి పట్టుకుని దించబోయి, చేయి ఎక్కడ మొదలవుతుందో తేలక, సంచి మాత్రం అందించాడు.

టీవీ ఏ ఆటను ఎంత స్పష్టంగా చూపిస్తే ఆ ఆటగాళ్లు అంత స్పష్టంగా మిగులుతారు. నూకరత్నం వీధిలోనే ఉండే కర్రి ప్రణీత్ ఒక క్రికెట్ జట్టులో మంచినీళ్ల సీసాలు మోయడానికి రెండుసార్లు మైదానంలోకి వెళ్లొచ్చాడు. ఇప్పుడతని కనుబొమల వెంట్రుకలు ఎదురు మేడ మీదినుంచి లెక్కపెట్టొచ్చు. గడ్డం మీద లేచిన మొటిమను ఊరంతా చూసి ఎవరికి తోచిన మందు వాళ్లు చెప్పడంతో అతను నెల రోజులుగా మఫ్లరు చుట్టుకుని తిరుగుతున్నాడు. క్రికెట్‌కు ముప్ఫై కెమెరాలు పెడతారు. నూకరత్నం ఆడిన ఫైనల్‌కు పెట్టింది ఒక్కటి. అదీ మధ్యాహ్నం పూట, వరిలో తెగుళ్ల గురించి చెప్పే ఛానెల్లో.

తల్లి పైడమ్మ సంతబయలు దగ్గర దిబ్బరొట్టెలు వేస్తుంది. ఆ రోజు పొయ్యి ఆర్పేసి మరీ ఫైనల్ చూసింది. అటూ ఇటూ దూకుతున్న ఒక నీలి మరకను కూతురనుకుని చివరిదాకా చప్పట్లు కొట్టింది. అది అవతలి జట్టు పిల్ల అని తర్వాత తెలిసింది. అయినా ఆమె చప్పట్లు వెనక్కి తీసుకోలేదు. ఎవరి కన్నబిడ్డో, బాగా ఆడింది కదా అంది.

నూకరత్నానికి మొదట్లో పెద్ద బాధ లేదు. మసక ఆమె ఆటకు కలిసొచ్చింది. కూతకు వెళ్లినప్పుడు అవతలివాళ్లు ఆమె చీలమండను కాక, క్షణం క్రితం ఆ చీలమండ ఉన్న చోటును పట్టుకునేవారు. చిక్కు వచ్చింది ఉద్యోగం దగ్గర. క్రీడాకారుల కోటాలో రోడ్లు భవనాల శాఖలో ఆమెకు జూనియర్ అసిస్టెంటు పోస్టు వచ్చింది. చేరేముందు జిల్లా కార్యాలయంలోని స్పష్టత విభాగం ఆమె ముఖం స్పష్టంగా ఉందని ధ్రువీకరించాలి.

ఆ విభాగం సూపరింటెండెంటు దక్షిణామూర్తి నెమ్మదస్తుడు. ఆమెను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, భూతద్దం పెట్టి, నుదుటి నుంచి గడ్డం దాకా టీవీ బొమ్మలోలాంటి చుక్కలు లెక్కపెట్టాడు. రెండు వందల నలభై తేలాయి. కనీసం ఏడు వందల ఇరవై ఉండాలి. నమ్మకం కోసం మళ్లీ ఒకసారి లెక్కపెట్టి, టీ తెప్పించాడు.

"పతకం చూపించాను కదండీ," అంది నూకరత్నం.

"పతకం శుభ్రంగా కనిపిస్తోందమ్మా. మీరే కనిపించడం లేదు."

ఆమె తల వంచుకుని పతకాన్ని సంచిలో పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని ఆయన తొంగి చూశాడు గాని, ఆ గళ్లలో కన్నీళ్లున్నదీ లేనిదీ తేల్చుకోలేకపోయాడు. చివరికి గొంతు తగ్గించి, ఆదివారం విశాఖలో క్రికెట్ మ్యాచ్ ఉందనీ, కెమెరా మూడు సెకన్లు ముఖం మీద ఆగితే చాలుననీ, కిందటేడు ఒక ఖోఖో అమ్మాయి ఇలాగే బాగుపడిందనీ చెప్పాడు.

"అక్కడ నేను ఏం ఆడాలండీ?"

"ఆడనక్కర్లేదు. చూస్తున్నట్టు కూర్చోండి."

తల్లీకూతుళ్లు ఆదివారం పొద్దున్నే బయల్దేరారు. గేలరీలో చోటు దొరికింది గాని, కెమెరా మాత్రం చెంపలకు రంగులు పూసుకున్నవాళ్ల మీదికే పోతోంది. నూకరత్నం కూడా రంగు పూయించుకుంది. అదీ గళ్లలో కలిసిపోయింది. పద్దెనిమిదో ఓవర్లో ఒక సిక్సరు నేరుగా వాళ్ల వరుస మీదికి వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు తలలు దాచుకున్నారు. నూకరత్నం కూతకు లేచినట్టే లేచి, రెండు కుర్చీలు దాటి, ఒంటిచేత్తో బంతిని పట్టేసింది.

కెమెరా ఆగింది. పట్టిన పట్టును మూడు కోణాల్లో, నెమ్మదిగా, మళ్లీ మళ్లీ చూపించారు. మొదటిసారికి ఆమె ముక్కు తేలింది. రెండోసారికి పెదవులు, మూడోసారికి కళ్లు. ఎవరో అభిమాని అద్భుతం చేసిందని వ్యాఖ్యాత మెచ్చుకున్నాడు. పైడమ్మ అవేవీ వినలేదు. కూతురి ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని చూస్తోంది.

"కనుబొమ్మీద ఈ దెబ్బెప్పుడు తగిలిందే?"

"రెండేళ్లయిందమ్మా."

"మరి సెప్పలేదేటి?"

కనిపిస్తుందనుకున్నానని కూతురు అంది.

ధ్రువపత్రం వచ్చింది. చుక్కలు వెయ్యి ఎనభై. క్రీడ అన్న గడిలో దక్షిణామూర్తి 'క్రికెట్, ప్రేక్షకురాలు' అని రాశాడు. మళ్లీ కబడ్డీ ఆడితే మళ్లీ మసకబారతారు, జాగ్రత్త అని తండ్రిలా చెప్పాడు. నూకరత్నం సరేనని, నెల తిరగకుండా రాష్ట్ర పోటీల్లో ఆడింది. సోమవారం ఆఫీసుకు గళ్లతోనే వెళ్లింది. హాజరు వేయడానికి పై అధికారి ఒప్పుకోలేదు. ఆట మానమనీ అనలేదు. ఆమె ఆట అంటే ఆయనకు ఇష్టం.

అందుకే శాఖ ఒక పథకం పెట్టింది. కబడ్డీ పోటీ అయిన ప్రతిసారీ రెండు జట్లనూ బస్సెక్కించి క్రికెట్‌కు తీసుకెళ్తారు. శిక్షకుడు పొద్దుట కూత నేర్పి, సాయంత్రం కెమెరా వైపు చేతులు ఊపడం నేర్పేవాడు. పిల్లలు సరదాగా నేర్చుకున్నారు. కొన్నాళ్లకు, పోటీ ఒకచోట, స్పష్టత ఇంకోచోట ఎందుకన్న మాట వచ్చింది. ఆ మాట నూకరత్నమే అందనీ, కాదు దక్షిణామూర్తి అన్నాడనీ చెబుతారు. ఎవరన్నా అందరికీ నచ్చింది.

ఈ ఏడాది రాష్ట్ర కబడ్డీ ఫైనల్ విశాఖ క్రికెట్ స్టేడియం గేలరీలో, రెండు వరుసల కుర్చీల మధ్య, డ్రింక్స్ విరామంలో జరిగింది. నూకరత్నం కూతకు వెళ్లి ముగ్గురిని తాకి, నాలుగో అమ్మాయిని ఈడ్చుకుంటూ గీత దాటింది. సరిగ్గా అప్పుడే కెమెరా అటు తిరిగి నాలుగు సెకన్లు ఆగింది. ప్రేక్షకుల ఉత్సాహం చూడండి, ఎంత బాగా డాన్సు చేస్తున్నారో అన్నాడు వ్యాఖ్యాత. చోడవరంలో ఈలలు మోగాయి. పైడమ్మ వెంటనే ఫోను చేసి, పళ్లతో సహా కనపడ్డావని చెప్పింది. ఆ సాయంత్రం బస్సులో అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని నవ్వుకుంటూ, పాటలు పాడుకుంటూ వచ్చారు. ఎవరు గెలిచారని దారిలో ఎవరూ అడగలేదు. నూకరత్నం కూడా ఆ మాట ఎత్తలేదు.