కిలో పైచిలుకు చైన్

బండి చైన్ సాగిపోయి వారం రోజులుగా కటకటమంటోంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఓసారి జారి, అనౌన్సర్‌ని నడిరోడ్డు మీద నిలబెట్టేసింది కూడా. వీధి చివర మెకానిక్ వంగి చూసి, "వదిలేసి వెళ్ళండి సార్. మీరలా టీ తాగి వచ్చేలోపు బిగించి ఉంచుతా" అన్నాడు.

అనౌన్సర్‌కి నచ్చనిది సరిగ్గా అదే. టీ తాగేలోపు చైన్ పని అయిపోతే మిగిలిన ఆదివారమంతా ఏం చేసుకోవాలి?

అతను బస్టాండులో మైకు ముందు కూర్చుంటాడు. గాజు గదిలోంచి అతను ఒక్క మాట అంటే చాలు, వందల మంది మూటాముల్లే ఎత్తుకుని పరుగులు తీస్తారు. కానీ ఇన్నేళ్ళలో ఒక్కరూ ఆ మాటకి తిరుగు మాట చెప్పలేదు. ఇంటికొస్తే అదీ లేదు. కుక్కర్ ఈల వేసినప్పుడు "ఆఁ, వస్తున్నా" అంటాడు. ఆ ఇంట్లో జరిగే సంభాషణ అదే. పెళ్ళి ఆలస్యమైంది, ఆ తర్వాత ఆలస్యం కూడా దాటిపోయింది. అపార్ట్‌మెంట్‌లో అందరికీ అతను "రెండో అంతస్తు ఆయన". మెయింటెనెన్స్ ఠంచనుగా కట్టేస్తాడు గనక అతని తలుపు కొట్టాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

అందుకే శనివారం సాయంత్రం స్పేర్ పార్టుల షాపుకి వెళ్ళి కొత్త చైన్ కొన్నాడు.

"బిగించేదెవరు సార్?" అన్నాడు షాపతను.

"నేనే."

షాపతను ప్యాకెట్ కొంచెం జాలిగా కట్టాడు.

ఆదివారం పొద్దున్నే పార్కింగ్‌లో స్తంభం అవతల ఆరుబయట పాత పేపర్లు పరిచి, బండి స్టాండు వేసి, స్పానర్లు, స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లేయరు, గ్రీజు డబ్బా ఆపరేషన్ థియేటర్లోలా వరసగా పేర్చాడు. మొదట్లో పని నల్లేరు మీద నడకలా సాగింది. పాత చైన్ లాక్ విప్పి చైన్ కొస పట్టుకుని లాగితే జర్రుమని మొత్తం వచ్చేసింది. కొత్త చైన్‌ని పాతదాని కొసకి తగిలించి లాగి ఉంటే అది దానంతటదే లోపలి పళ్ళచక్రం చుట్టూ తిరిగి వచ్చేదన్న సంగతి ఆ తర్వాత తట్టింది. ఇక ఆ చక్రం మీది కవరు విప్పి, వేళ్ళు పట్టని సందులో చైన్ దూర్చి, దాన్ని బతిమాలి, తిట్టి, మళ్ళీ బతిమాలి, ఎండ గేటు దాటి లోపలికొచ్చే వేళకి రెండు కొసలూ కలిపాడు. అతనికి ఆ పూట ఎంతో హాయిగా గడిచింది.

మిగిలింది లాక్ ఒక్కటే. ఆ కొసలు విడిపోకుండా పట్టి ఉంచే వేలిగోరంత ఇనప రేకు. దాన్ని ప్లేయరుతో నొక్కాడు. టింగ్‌మంది. లాక్ లేదు.

పాత లాక్ అప్పటికే వంకర పోయింది. అనౌన్సర్ మోకాళ్ళ మీద కూలబడి పక్కనున్న కారు కిందికి తల దూర్చాడు. అలా తల లోపల, మిగతా మనిషి బయట ఉండగా పిన్నిగారు వచ్చింది.

కింది పోర్షన్‌లో ఉండే ఈ పెద్దావిడని వెనకాల అందరూ సీసీ కెమెరా అంటారు. అసలు కెమెరా పాడైపోయినా, ఈవిడ ఉంది కదా అని అసోసియేషన్ వాళ్ళు కొత్తది పెట్టించలేదు.

"ఏం పోయింది బాబూ?"

"చైనండీ... లాక్ ఊడి ఎగిరిపోయింది," అన్నాడు కారు కింది నుంచి. ఆవిడకి చైన్ అన్న ఒక్క మాటే వినపడింది.

"అయ్యో! కొత్తదా?"

"నిన్ననే కొన్నానండీ."

"అయ్యయ్యో. ఎంత బరువుంటుందేమిటి?"

తన బండి గురించి ఒక మనిషి ఇంత శ్రద్ధగా అడగడం అతనికి ముచ్చటేసింది. "కిలో దాటుతుందండీ. గట్టిది చూసి తీసుకున్నాను. పాతది బాగా సాగిపోయింది."

పిన్నిగారు దగ్గర్లో ఉన్న స్కూటర్‌ని పట్టుకుని నిలదొక్కుకుంది. "పాతది కూడా ఉందా?"

"ఉందండీ. ఇంకెందుకూ, పారేద్దామనుకుంటున్నా."

మోకాళ్ళ నొప్పులని లిఫ్టు లేనిదే కదలని మనిషి ఆ రోజు మెట్లెక్కి వెళ్ళింది. వార్త ఒక్కో అంతస్తూ ఎక్కుతూ బరువు పెంచుకుంది. అది నాలుగో అంతస్తుకి చేరేసరికి రెండో అంతస్తు ఆయన అమాయకుడైన కోటీశ్వరుడైపోయాడు. పక్కింటివాళ్ళు, అతని తలుపు పక్కనే చెప్పులు విప్పుతూ ఇన్నేళ్ళు ఉన్నామే అని ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

మీటింగుల్లేక ఈగలు తోలుకుంటున్న అసోసియేషన్ సెక్రటరీ గారు లుంగీ సర్దుకుంటూ పరుగున దిగి, "గేటు వేసేయండి! చీమ కూడా బయటికి పోకూడదు!" అని తాళం వేసి, తాళంచెవి బనియన్‌లో దోపుకున్నారు. పాల ప్యాకెట్ కోసం బయల్దేరిన ఒకాయన గేటు ఇవతల ఇరుక్కుపోయాడు. మిగతావాళ్ళు టార్చిలైట్లు, చీపుళ్ళు, ఒకావిడైతే జల్లెడ పట్టుకుని దిగారు.

అనౌన్సర్ కారు కింద నుంచి తల బయటికి తీసి చూసేసరికి పార్కింగ్ నిండా జనం. అందరూ నేల మీద వంగి ఉన్నారు. చైన్ లాక్ కోసం! మనుషులు మంచివాళ్ళే, మనమే గమనించుకోం అనుకున్నాడు.

"ఎలా ఉంటుందండీ?" అడిగారు సెక్రటరీ గారు.

"చిన్నదండీ. చేప ఆకారంలో ఉంటుంది."

"లాకెట్ కూడా ఉందటర్రా!" అని ఎవరో అరిచారు. కానీ అదే సమయానికి జల్లెడావిడ అతని కాలు తొక్కడంతో ఆ ముక్క అతని చెవిన పడలేదు.

అప్పుడొచ్చింది మూడో అంతస్తు లైబ్రరీ మేడమ్, చేతిలో కాఫీ కప్పుతో. లైబ్రరీలో పగలంతా "మాట్లాడకండి" అని అందరికీ చెప్పడం ఆవిడ ఉద్యోగం. సాయంత్రం ఇంటికి వచ్చాక చెప్పాల్సిన అవసరం ఉండదు, ఎవరూ మాట్లాడరు గనక. కాలు పట్టుకుని మెట్టు మీద కూర్చున్న అతనికి కప్పిచ్చి, తనూ పక్కనే కూర్చుంది.

"బంగారం పోతే ఎవరికైనా బాధేనండీ. మీ అమ్మగారి చైనా?"

కప్పు మూతి దాకా వచ్చి ఆగిపోయింది. బంగారం! అనౌన్సర్ చుట్టూ చూశాడు. కిలో, పాతది, చేప ఆకారం అన్నీ ఒక్కసారిగా బుర్రలో తిరిగాయి. చెప్పేయాలి. మాట గొంతు దాకా వచ్చింది.

"ఒక్కరే ఉంటారు కదా. వంటా అదీ ఎలా?" అంది ఆవిడ.

మాట వెనక్కి వెళ్ళిపోయింది. "నేనే వండుకుంటానండీ."

"నేనూ అంతే. ఒక్క మనిషికి కూర ఎంత వండాలో ఇప్పటికీ తెలీదు నాకు. ఎప్పుడూ మిగిలిపోతుంది."

"నాకూ మిగులుతుందండీ. రాత్రికీ అదే."

"మర్నాడు పొద్దునా అదే."

ఇద్దరూ కొంచెం నవ్వుకున్నారు. కాఫీ వేడిగా ఉంది. ఈ కప్పు అవగానే చెప్పేద్దాం అనుకున్నాడు అనౌన్సర్. అంత నెమ్మదిగా కాఫీ తాగిన మనిషి ఆ అపార్ట్‌మెంట్‌లో అంతకు ముందు లేడు. ఇంతలో ఆవిడ, "పొయ్యి మీద పాలు పెట్టొచ్చానండీ!" అంటూ లేచి పైకి పరుగెత్తింది.

సరిగ్గా అప్పుడే నాలుగో అంతస్తులో కుళాయి బాగుచేసి ప్లంబర్ సంచీ భుజాన వేసుకుని దిగాడు. గేటు తాళం చూసి, "ఎవరండీ, తీస్తారా?" అన్నాడు.

జనం అతని వైపు తిరిగారు.

"ఎందుకంత తొందర?" అన్నారు సెక్రటరీ గారు.

"ఇంకో ఇంట్లో పనుంది సార్."

"సంచీ దింపు."

సంచీ తలకిందులైంది. పైపు ముక్కలు, వాషర్లు, నట్లు నేలంతా దొర్లాయి. వాటి మధ్య నుంచి సన్నగా మెరుస్తూ ఒక గొలుసు జారింది. "ఆఁ!" అన్నారంతా ఒక్క గొంతుతో.

"సింకు మూతకి కట్టేదండీ అది!"

"అవన్నీ స్టేషన్లో చెబుదువుగాని. ఎవరైనా పోలీసులకి ఫోన్ కొట్టండి."

ప్లంబర్ జనం మధ్యలోంచి చూసి, గ్రీజు చేతుల్తో కప్పు పట్టుకుని కూర్చున్న అనౌన్సర్‌తో అన్నాడు: "సార్, మీ చైన్ నేను చూళ్ళేదు. అసలు మీరెవరో కూడా నాకు తెలీదు."

అనౌన్సర్ లేచి నిలబడ్డాడు. "అది... బంగారం కాదండీ," అన్నాడు. మైకు లేని అతని గొంతు చాలా చిన్నది. పక్కనున్న స్కూటర్‌కి కూడా వినపడలేదు. ఇంకోసారి అన్నాడు. పిన్నిగారు అప్పటికే ఫోన్‌లో ఎవరికో అడ్రస్ చెబుతోంది. అప్పుడతను కళ్ళు మూసుకుని, రోజూ చేసినట్టే గొంతు సవరించుకుని, కప్పుని నోటి ముందు పెట్టుకున్నాడు.

"దయచేసి వినండి! ప్రయాణికులకు ముఖ్య గమనిక!"

పిన్నిగారు ఫోన్ పెట్టేసింది. పాల ప్యాకెట్ ఆయన అలవాటుగా తన సంచీ చేతిలోకి తీసుకున్నాడు.

"పోయినది బంగారు చైన్ కాదు. మోటార్ సైకిల్ చైన్ తాలూకు ఇనప లాక్. దీనితో ప్లంబర్ గారికి ఎటువంటి సంబంధమూ లేదు. గేటు వద్ద వేచి ఉన్నవారు బయలుదేరవచ్చు. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

తర్వాత సెక్రటరీ గారు దగ్గరికొచ్చి మొహంలోకి చూశారు. "ఈ గొంతు... బస్టాండులో..."

"నేనేనండీ."

"ఎప్పట్నుంచి వింటున్నామండీ ఈ గొంతు! మీరిక్కడే ఉంటున్నారా?"

"మీ పై అంతస్తులోనండీ."

జనం ఒక్కొక్కళ్ళే చీపుళ్ళు, టార్చిలైట్లు తీసుకుని పలచబడ్డారు. ప్లంబర్ మాత్రం గొంతుక్కూర్చుని వాషర్లు ఏరుకుంటున్నాడు. అనౌన్సర్ ఎదురుగా కూర్చుని తనూ ఏరసాగాడు.

"నేను ముందే చెప్పాల్సిందయ్యా. సంగతి తెలిశాక కూడా కాఫీ తాగుతూ కూర్చున్నాను. తప్పు నాదే."

"సంచీ దులిపినప్పుడు ఊరంతా ఉంది సార్. ఏరేటప్పుడు చూడండి, మనిద్దరమే," అన్నాడు ప్లంబర్. కోపం ఇంకా దిగలేదు. నట్ల మధ్య నుంచి ఏదో తీసి వెలుగులో పట్టుకున్నాడు. "ఇది నాది కాదే?"

వేలిగోరంత ఇనప చేప. ఇద్దరూ ఒకేసారి చుట్టూ చూశారు. నయం, ఎవరూ లేరు.

మధ్యాహ్నానికి చైన్ బిగిసింది. అనౌన్సర్ వీధి చివరిదాకా వెళ్ళొచ్చాడు. ఒక్క చప్పుడు లేదు. ఆ మాట చెప్పడానికి ఎవరూ కనపడక, బండి సీటు మీద ఓ దెబ్బ చరిచి పైకి వెళ్ళిపోయాడు.

సాయంత్రం తలుపు చప్పుడైంది. సెక్రటరీ గారు లోపలికొచ్చి తలుపు తనే మూశారు.

"పనివాళ్ళ ముందు ఇనపదని చెప్పి భలే పని చేశారు. ఎంత తెలివండీ మీది! మా నోట్లోంచి ఈ విషయం పొక్కదు."

"అయ్యా, నిజంగానే ఇనపది."

"అలాగే. ఇనపదే," అంటూ కన్ను గీటారు. "వచ్చే మీటింగులో మిమ్మల్ని ట్రెజరర్‌గా వేస్తున్నాం."

ఆయన వెనకే పిన్నిగారు. తన చెల్లెలి ఆడపడుచు ఎంత నెమ్మదస్తురాలో కూర్చుని చెప్పింది. చైన్ ఇనపదండీ అంటే, "మగాళ్ళకి ఈ అణకువ ఉండాలి" అని మెచ్చుకుంది. పాల ప్యాకెట్ ఆయన వచ్చాడు. జల్లెడావిడ భర్తని వెంటబెట్టుకుని వచ్చింది. కుర్చీలు చాలలేదు. అనౌన్సర్ గ్రీజు వదలని చేతులు చూపించాడు, పాత చైన్ తెచ్చి ముందు పడేశాడు. పైకి ఇలా నల్లరంగు పూసి ఉంచితే దొంగలకి అనుమానం రాదని పాల ప్యాకెట్ ఆయన మిగతావాళ్ళకి గుసగుసగా వివరించాడు. అందరూ బంగారం గురించే మాట్లాడారు. బండి కదిలిందా అని ఒక్కరూ అడగలేదు. వాళ్ళంతా వెళ్ళిపోయాక ఆ ఇల్లు ఎప్పటికన్నా ఖాళీగా కనపడింది. కుక్కర్ పెట్టబుద్ధి కాలేదు.

మళ్ళీ తలుపు చప్పుడు. "ఇనపదేనండీ!" అన్నాడు తీయకుండానే.

"నా కప్పు కోసం వచ్చానండీ," అంది లైబ్రరీ మేడమ్.

తలుపు తీసి, కడిగి బోర్లించిన కప్పు తెచ్చిచ్చాడు.

"బండి కదిలిందా?" అంది ఆవిడ.

అనౌన్సర్ తలుపు పూర్తిగా తెరిచాడు. "కదిలిందండీ. చప్పుడే లేదు."

"గ్రీజు మరీ ఎక్కువ పూసేశారు, బట్టల మీద పడుతుందేమో చూసుకోండి."

"మీకెలా తెలుసు?"

"పై నుంచి చూస్తూనే ఉన్నానుగా. మీరు స్పానర్లు పేర్చుకున్న దగ్గర్నుంచీ."

"అంటే... బంగారం కాదని తెలిసే... మరి మీ అమ్మగారి చైనా అని ఎందుకడిగారు?"

ఆవిడ కప్పుని చేతుల్లో అటూ ఇటూ తిప్పింది. "ఏదో ఒకటి అడగాలి కదండీ." తర్వాత మెల్లగా, "ప్లంబర్‌ని పట్టుకున్నారని తెలిస్తే నేనే దిగి చెప్పేదాన్ని. పాలు పొంగి పొయ్యంతా పాడైంది, తుడుచుకుంటూ ఉండిపోయాను," అని మెట్ల వైపు నడిచింది.

అనౌన్సర్ గుమ్మంలోనే నిలబడి, పైన తలుపు పడిన చప్పుడు దాకా విన్నాడు. తర్వాత లోపలికి వెళ్ళి, వచ్చే ఆదివారం బ్రేకులు కూడా తానే విప్పి మార్చాలని నిశ్చయించుకున్నాడు.

బ్రేకులకి ఏ రోగమూ లేదు.