ఒక్క నలొంగో

ద్వీపంలో ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారో మధ్యాహ్నం లోపు తేల్చేసి చెల్లెలికి శుభవార్త చెప్పాలని నకిములి పొద్దున్నే సర్కారు లెక్కల ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుంది. చెల్లెలు అక్కడే ఉంది, నిండు చూలాలు. లెక్క పెద్దదని తేలితే కాన్పులకు సర్కారు మోటారు పడవ ఇస్తుంది. లేదంటే ఆసుపత్రికి విక్టోరియా సరస్సు దాటడానికి చేపల పడవే గతి.

ఇంటింటికీ తిరిగే పని లేదు. ఆసుపత్రి జాబితా ఒకటి, చేపలమ్మే ఆడవాళ్ళ జాబితా ఒకటి. చిన్న ఊళ్ళో ఎక్కడ చూసినా అవే మొహాలు కదా! రెండింట్లోనూ ఉన్నవాళ్ళు ఎక్కువైతే ఊరు చిన్నది, తక్కువైతే పెద్దది. పేర్లు చూసి జత కలిపే పని యంత్రానిది.

కలిపింది. ఊరు కాస్తా గుప్పెడయింది.

పై అధికారి కగ్గ్వా పగలబడి నవ్వాడు. "మనుషుల కంటే కొంగలే ఎక్కువున్నాయే! పడవ కొంగలకా, అమ్మాయ్?"

"ఎక్కడ చూసినా నలొంగో అనే ఆవిడే తగుల్తోంది సార్. ఆవిణ్ణి ఓసారి అడిగితే..."

"పద, అడిగేసి ఫైలు మూసేద్దాం."

రేవులో దిగీ దిగగానే నకిములి మైకు పట్టుకుంది. "నలొంగో గారు ఒక్కసారి ఇలా రావాలి!"

చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్ళలో సగం మంది లేచారు. కవలల తల్లులకు సర్కారు ఏదో పంచుతోందని పుకారు పుట్టింది. పిల్లల్ని చెరో చంకనేసుకుని కొందరు, డోళ్ళు వాయిస్తూ కొందరు వచ్చిపడ్డారు.

"మేం పిలిచింది ఒక్క నలొంగోని!" అని కగ్గ్వా అరిచాడు.

"నేనొక్కదాన్నేగా వచ్చింది సారూ!" అంది ప్రతి ఒక్కతీ.

తోపులాటలో కగ్గ్వా నడుము లోతు నీళ్ళలో పడ్డాడు. "ఓ సలొంగో! సారుకి చెయ్యందించు!" అని ఒకావిడ మొగుణ్ణి కేకేసింది. రేవులో మగవాళ్ళంతా తిరిగి చూశారు. నీళ్ళలోంచి కగ్గ్వా కూడా "ఆఁ!" అన్నాడు. ఆయన ఇంట్లోనూ కవలలే.

నకిములి నెత్తి కొట్టుకుంది. కవలలు పుడితే తల్లి నలొంగో, తండ్రి సలొంగో. ఆ పైన సొంత పేరు పెట్టి పిలవడం అమర్యాద. "మా అమ్మా నలొంగోయే కదా! నా బుద్ధి గడ్డి తిన్నదా?" ఇంతమందినీ యంత్రం ఒకే మనిషిని చేసేసింది!

అక్కడికక్కడే అందరి వంశాలూ, తండ్రుల పేర్లూ అడిగి మళ్ళీ జత కలిపింది. దొంగ జతలన్నీ ఊడిపోయాయి. ఊరు పెరిగి పెరిగి పడవకు కావలసిన దానికంటే పెద్దదయింది. నకిములి చిన్నపిల్లలా గంతులేసింది. ఆడవాళ్ళు వేసిన కేకలకు కొంగలన్నీ లేచిపోయాయి.

"ఇప్పుడు చెప్పండి సార్, పడవ కొంగలకా?"

"ఎక్కడ సంతకం పెట్టాలో చూపించు తల్లీ," అన్నాడు కగ్గ్వా, చొక్కా పిండుకుంటూ.

పడవ వచ్చింది. చెల్లెలు అందులోనే వెళ్ళి క్షేమంగా కనింది, ఇద్దర్ని. ఆ సంబరంలో కగ్గ్వా పడవ ముట్టినట్టు రసీదు మీద "సలొంగో" అని సంతకం చేశాడు. పడవ తీసుకున్న మనిషి కోసం ఆడిట్ వాళ్ళు ఆ ద్వీపంలో ఇంకా వెతుకుతూనే ఉన్నారు.