తక్కెడ దిగిన రోజు

ఆ ఉదయం రంగనాథం తలపెట్టింది చాలా చిన్న పని. కొట్టు తెరిచేలోగా పెరట్లో పిచ్చుకలు వాలడానికి ఒక ఆధారం నిలబెట్టాలి. అవి మళ్లీ వస్తే, రాజాంలో పుట్టింట్లో ఉన్న భార్య భాగ్యవతికి ఆ సంగతి చెప్పి పంపవచ్చు. తప్పయిందని చెప్పకుండానే చెప్పినట్టవుతుంది.

కిందటి నెల, ఈ యుద్ధం రోజుల్లో మనుషులకే బియ్యం లేకపోతే పిచ్చుకలకు నూకలేమిటని, బేరానికొచ్చిన వాళ్లందరి ముందూ ఆమెను కసిరాడు. ఆమె ఆ పూటే పెట్టె సర్దుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. ఆమెతోపాటే పిచ్చుకలూ రావడం మానేశాయి.

పాత వెదురు గడ పాతాడు. నూకలకూ నీళ్లకూ రెండు కొబ్బరిచిప్పలు తీశాడు. అడ్డకర్రకు మాత్రం నునుపుగా, తిన్నగా ఉన్నది ఇల్లంతా వెతికితే ఒక్కటే దొరికింది. కొట్టు దూలానికి వేలాడే తాతగారి తక్కెడ కర్ర. దానితో ఇప్పుడెవరూ తూచరు గానీ, పసుపు రాసి బొట్టు పెట్టి ఉంచారు. ఆ బొబ్బిలి బజారులో కొట్టు ఎత్తేసేటప్పుడు తప్ప ఏ షావుకారూ ఇంటి మొదటి తక్కెడను దించడు. ఆ సంగతి రంగనాథానికి తెలియక కాదు. ఆ పూట అతని బుర్రలో భాగ్యవతి తప్ప ఇంకేమీ లేదు.

ఉప్పు కోసం వచ్చిన రైతు నూకయ్య, కర్ర భుజాన వేసుకుని పోతున్న షావుకారును చూశాడు.

"ఏటి సావుకారూ, తక్కెడ దించీసినారు? కొట్టు ఎత్తీస్తన్నారేటి?"

పిచ్చుకల కోసమని ఏ ముఖం పెట్టుకుని చెబుతాడు? "ఇంటి యవ్వారంలే" అన్నాడు రంగనాథం.

నూకయ్య ఉప్పు రెట్టింపు కొనుక్కుని దారిపొడవునా చెప్పుకుంటూ పోయాడు. పొద్దెక్కేసరికి కొట్టు ముందు ఇసుక వేస్తే రాలనంత జనం.

"ఉన్న బెల్లమేదో మాకిచ్చీసి ఎళ్లు బాబూ" అంది మరిడమ్మ అనే ముసలావిడ.

"నానెక్కడికీ ఎళ్లనే."

"మరి తక్కెడెందుకు దించినావు?"

రంగనాథం రోజూ వాడే కాటాలో బెల్లం తూచాడు. పెళ్లాం వదిలిపెట్టిన మనిషి కొట్టు ఎత్తేసి ఎక్కడికి పోతాడు? కాశీకేనని బజారే తేల్చేసింది. మధ్యాహ్నానికి ఎదురు కొట్టు నగరేశ్వరరావు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. వరసకు బావమరిది.

"ఒరే బావా, సన్నాసుల్లో కలిసిపోతన్నావంట. పెళ్లాం అలిగితే బతిమాలుకోవాల గానీ ఇదేటిరా?"

"ఎవలు సెప్పినారు?"

"అందరూ సెప్తన్నారు. బొగ్గుబస్సు డ్రైవరు సేత రాజాం కబురు కూడా ఎట్టీసినాను."

రంగనాథం కొట్లోకీ పెరట్లోకీ తిరిగి చూశాడు. కొట్లో ఖాళీ బస్తాలే మిగిలాయి. పెరట్లో చిప్పలో పోసిన నూకలు పోసినట్టే ఉన్నాయి. ఒక్క పిట్టయినా వాలలేదు.

పెట్రోలు దొరక్క బొగ్గు మంటతో నడుపుతున్న ఆ బస్సులోంచే సాయంత్రం భాగ్యవతి దిగింది. ముఖమంతా బొగ్గుమసి, కళ్లనిండా నీళ్లు.

"కాషాయం కట్టీసినారనుకున్నాను."

"పంచే కట్టుకున్నాను కదే."

"మరి తక్కెడేదండీ?"

అతను పెరట్లోకి చూపించాడు. ఆమె గడనూ చిప్పలనూ చూసింది.

"పిచ్చుకలకా? మీరా?"

"అవొస్తే నువ్వొస్తావని. నువ్వు నేకుండా ఈ ఇంట్లో ఉండనేకపోతన్నానే."

భాగ్యవతి కొంగుతో ముఖం తుడుచుకుంది. మసి ఇంకాస్త పాకింది. వెంటనే కర్ర విప్పించి, కడిగి, పసుపు రాసి, మళ్లీ దూలానికి కట్టించింది.

మర్నాడు ఆమె పెరట్లో నూకలు చల్లితే పిచ్చుకలు బిలబిలమంటూ వచ్చాయి. కడుపునిండా తిని, ఖాళీ గడను దాటుకుని కొట్లోకి దూరి, తాతగారి తక్కెడ కర్ర మీద వరసగా కూర్చున్నాయి. ఒకటి రంగనాథం నెత్తిన రెట్ట వేసింది. ఉస్సుమని తోలడానికి అతను చెయ్యెత్తాడు. పెరట్లో గాజుల చప్పుడైంది.

ఎత్తిన చేత్తోనే నెత్తి తుడుచుకుని ఊరుకున్నాడు.