కమలాకర్ ఫోటో, బుచ్చయ్య దండ

మనిషన్నవాడు బతికుండగానే ఒక్కసారైనా చచ్చిపోవాలి! కంగారు పడకండి పాఠకులారా, దానికి రోగం, నొప్పి ఏమీ అక్కర్లేదు. మంచి స్టూడియోలో ఫోటో దిగి, ఊరి వాట్సాప్ గ్రూపులో పెడితే చాలు!

నమ్మకం లేదా? అయితే చిట్యాల దగ్గరి ఒక ఊళ్లో రెండు బర్రెలు, బోలెడంత ఆశ ఉన్న కమలాకర్ సంగతి వినండి.

పాల సంఘం అధ్యక్ష పదవికి నిలబడ్డాడతను. పోటీ రామచంద్రయ్య మామతో. "వీనికి పాలకు, నీళ్లకు ఫరక్ తెల్వది" అని ఆ మామ చాయ్ హోటల్లో కూర్చుని రోజూ అంటుంటే, ఊరు తల ఊపుతోంది. ఇక మిగిలిన దారి ప్రచారానికి ఒక మంచి ఫోటో! అప్పటిదాకా కమలాకర్‌కు ఒంటరి ఫోటో లేదు. ఉన్నవన్నీ పెళ్లిళ్లలో దిగినవే. ఎంత కత్తిరించినా భుజమ్మీద ఎవరిదో ఒక చెయ్యి మిగిలేది.

చిట్యాల స్టూడియోలో కోటు తొడిగారు. ముందు నుంచి చూస్తే కలెక్టర్, వెనక నుంచి చూస్తే పిన్నీసుల దుకాణం!

"అన్నా, పండ్లు కనపడనియ్యకు. గదుమ జర దించు. ఊపిరి వట్టు" అన్నాడు ఫోటోగ్రాఫర్.

ఊపిరి బిగబట్టిన మనిషి ముఖంలో ఎంత ప్రశాంతత! దానికి తోడు వెనక బూడిదరంగు తెర, తల చుట్టూ వెలుగు, చెంపల మీద కంప్యూటర్ పూసిన తెలుపు.

సాయంత్రం ఆ ఫోటోను గ్రూపులో పెట్టి, కింద దండం పెట్టే చేతుల బొమ్మ అతికించాడు. ఓటు సంగతి తర్వాత తీరిగ్గా రాద్దామని పాలు పిండటానికి కూర్చున్నాడు.

నవ్వని ఫోటో, దాని కింద దండం. మన గ్రూపుల్లో దీనికి ఇంకో అర్థం ఉందా? మీరే చెప్పండి!

కన్నీళ్ల బొమ్మలు వరదలా వచ్చిపడ్డాయి. "నా బర్రె ఈనలేక తండ్లాడితే తెల్లారిందాక నా తాన్నే కూసున్నడు బిడ్డ. గసుంటోడు మల్ల పుడతడా!" అని నర్సింగమ్మ వాయిస్ మెసేజ్ పెట్టి ఏడ్చింది. రామచంద్రయ్య మామ అయితే ఏకంగా రాసేశాడు: "సంఘానికి అసలైన పెద్దదిక్కు పోయింది. పాలంటే వాడు, వాడంటే పాలు."

భార్య సుహాసిని గడపలో కూర్చుని అన్నీ చదువుతూ, ఒక్కోదాన్నీ స్క్రీన్‌షాట్ తీస్తోంది. "పెండ్లయిన కాన్నుంచి నువ్వు గింత మంచోనివని నాకొక్కలన్న చెప్పిండ్రా!"

ఇంతలో పక్కింటి బుచ్చయ్య బంతిపూల దండతో వాకిట్లోకి వచ్చి, బర్రె కింద కూర్చున్న కమలాకర్‌ను చూసి కొయ్యబారాడు.

"ఏందిరా, నువ్వు పోలేదా?"

"యాడికి పోవాలె కాకా?"

"పైకి! మరి గీ దండేం జెయ్యాలె?"

"బర్రెకెయ్యి. పాలిచ్చేదదేగా!"

సంగతి తెలిసిన కమలాకర్ చేతులు తుడుచుకుని రాశాడు: "నేను బతికే ఉన్న. పాల సంఘానికి నిలబడ్డ. ఓటు నాకే వెయ్యండ్రి."

బతికున్నందుకు సంతోషమని ఒక్కరైనా రాశారా? లేదు! మెసేజ్‌లు ఒక్కొక్కటే మాయమయ్యాయి. అందరికంటే ముందు చెరిపేసింది మామే. నర్సింగమ్మది మాత్రం మిగిలింది. పాపం, చెరపడం ఆమెకు రాదు.

కానీ సుహాసిని ఫోన్లో అన్నీ భద్రంగా ఉన్నాయి కదా! మర్నాడు పాల కేంద్రం ముందు ఫ్లెక్సీ లేచింది. పైన ఊపిరి బిగబట్టిన కమలాకర్, కింద ఊరంతా కురిపించిన పొగడ్తలు, పేర్లతో సహా. అందరికంటే పెద్ద అక్షరాల్లో రామచంద్రయ్య మామ మాట! తన మాటను తనే కాదనలేక మామ నోరు మూసుకున్నాడు. కమలాకర్ గెలిచాడు.

చూశారా, ఫోటో మహిమ! మన దగ్గర మంచి మాటలకు కరువా? కానే కాదు! కాకపోతే మనిషి ఉండగా వాటిని బయటికి తీసే అలవాటు లేదు. అందుకే అందరూ తొందరగా ఒక ఫోటో దిగి పెట్టుకోండి.

రామచంద్రయ్య మామ కూడా ఆ సలహానే పాటించాడు. అదే స్టూడియో, అదే కోటు, అదే వెలుగు. గ్రూపులో ఫోటో పెట్టి, దండం పెట్టి, తన మంచితనం గురించి చదువుకుందామని ఫోన్ చేతిలో పట్టుకుని మంచమ్మీద పడుకున్నాడు.

చాలాసేపటికి ఒక్క మెసేజ్ వచ్చింది, బుచ్చయ్య నుంచి.

"దేనికి నిలబడుతున్నవ్ బావా? దండ గెలిచినంక తెస్త తియ్యి."