మావాడొకడి లెక్క

ఆ రోజు బావ వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ విరామంలో ఆఫీసు గుమాస్తా దగ్గరికి వెళ్ళాలి. ఉద్యోగం మానేస్తే చివర్లో చేతికొచ్చే సర్వీసు డబ్బు ఎలా లెక్కకడతారో అడగాలి. ఎవరి కంటా పడకుండా తిరిగొచ్చి దుప్పట్లు ఇస్త్రీ చేసుకోవాలి. అంతే.

పరాయి దేశంలో ఒక హోటల్ లాండ్రీలో ఆయన చాలా ఏళ్ళుగా ఇస్త్రీ మేస్త్రీ. బావమరిది కూడా అక్కడే, బట్టలారబెట్టే యంత్రం దగ్గర పనిచేస్తాడు. వాడు "బావా" అని పిలవడం విని, అన్ని దేశాలవాళ్ళూ అదే ఆయన పేరనుకున్నారు. మేనేజరైతే ఎంతో మర్యాదగా "మిస్టర్ బావ" అంటాడు.

ఇంటి దగ్గర భార్య సొంత లాండ్రీ కోసం కొట్టు మాట్లాడి, అడ్వాన్సు కూడా ఇచ్చేసింది. ఆవిరి ఇస్త్రీ యంత్రం సర్వీసు డబ్బుతో కొనాలి. ఆ డబ్బు ఎంతో మాత్రం బావకి తెలీదు. గదిలో తనతో ఉండేవాళ్ళు తలా ఒక మాట చెప్పారు. మానేస్తే సగమే ఇస్తారని ఒకడు, వాళ్ళు తీసేస్తేనే మొత్తం ఇస్తారని ఇంకొకడు, అసలు పుచ్చుకున్నవాణ్ణే తను చూడలేదని మరొకడు. బావకి కొన్నాళ్ళుగా అన్నం సహించడం లేదు.

"అడగ్గానే వెళ్ళిపోతున్నావని ఖాయం చేసేస్తారు బావా," అన్నాడు బావమరిది పొద్దున్నే బూట్లు తొడుక్కుంటూ. "నీకోసమని చెప్పకు. ఇంకెవరికోసమో అన్నట్టు అడుగు."

సలహా బంగారంలా కనిపించింది.

గుమాస్తా మన భాషవాడే, నెమ్మదస్తుడు. "మూల జీతం మీద కడతారండీ," అన్నాడు. "ఓవర్‌టైము, గది అద్దె, భోజనం... ఇవేవీ కలవవు."

బావ అప్పటికే అన్నీ కలిపి అంచనా వేసుకుని, ఆ లెక్కే భార్యకి చెప్పేశాడు.

"తనంతట తనే మానేస్తేనో?"

"ఒప్పందంలో ఏముందో చూడాలి. వాడుకోని సెలవులుంటే వాటికీ డబ్బొస్తుంది. ఇంతకీ ఎవరికండీ?"

బావకి బావమరిది సలహా గుర్తొచ్చింది. "మావాడొకడికి."

"మీవాడికా?" గుమాస్తా కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఓహో. అర్థమైంది లెండి."

ఆ హోటల్లో బావ "మావాడు" అనదగ్గ మనిషి ఒక్కడే ఉన్నాడు.

మధ్యాహ్నానికల్లా సూపర్‌వైజరు ఒక కొత్త మనిషిని తెచ్చి బావమరిది పక్కన నిలబెట్టి, వెళ్ళేలోపు పని నేర్పించమన్నాడు. బావమరిది గుండెలు బాదుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. వాడి ఇంటి అప్పు సగం కూడా తీరలేదు.

"ఏం చేశావు బావా?"

"నువ్వు చెప్పినట్టే చేశాన్రా!"

బావ సూపర్‌వైజరు దగ్గరికి పరుగు తీశాడు. "సార్, ఆ మనిషి మావాడు కాదండీ. వేరే ఆయన."

"ఎవరు?"

నిజం నాలుక చివరిదాకా వచ్చి, భయపడి వెనక్కి పోయింది. "పేరు చెప్పకూడదండీ. చెబితే ఆయన ఉద్యోగానికే ముప్పు."

బావ చేసిన అసలు ఘనకార్యం ఇదే. పేరు చెప్పకూడదంటే ఎవరో పెద్ద మనిషే అయ్యుండాలి. పెద్ద మనిషి వెళ్ళిపోతున్నాడంటే లాండ్రీ మూసేస్తున్నట్టే! ఈ కబురు సబ్బునురగలా పొంగింది. ఒక్కొక్కరే పని వదిలేసి గుమాస్తా కిటికీ ముందు వరస కట్టారు. అందరూ ఎవరో స్నేహితుడి కోసమే అడిగారు. యంత్రాల్లో బట్టలు తడిగానే ఉండిపోయాయి. పై అంతస్తులో ఒక అతిథి తువ్వాలు దొరక్క కిటికీ పరదాతో ఒళ్ళు తుడుచుకున్నాడట.

ఇంతలో భార్య ఫోను. "మా తమ్ముడి ఉద్యోగం తీయించేశారటగా! అడ్వాన్సు ఇచ్చింది నేను, కోపముంటే నన్ననండి. వాడేం చేశాడు మిమ్మల్ని? మీరు రాకపోయినా ఫర్వాలేదు, ముందు వాడి ఉద్యోగం వాడికిప్పించండి!"

జవాబు చెప్పేలోపే మేనేజరు దిగొచ్చాడు. "మిస్టర్ బావ, ఒకసారి ఇలా రండి," అంటూ తువ్వాళ్ళ గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాడు. తన పని అయిపోయిందనుకున్నాడు బావ. పోతే పోయింది, బావమరిదైనా బతకాలి.

"సార్, తప్పంతా నాదేనండీ. ఆ మనిషి..."

"ష్! గోడలకి చెవులుంటాయి." మేనేజరు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "ఇంతమంది గుచ్చి గుచ్చి అడిగినా నా పేరు బయటపెట్టలేదట. మీ మేలు మర్చిపోను. నేను వెళ్ళిపోదామనుకుంటున్న సంగతి అసలు మీకెలా తెలిసింది?"

బావ తలవంచుకుని పక్కనున్న తువ్వాలు మడతపెట్టసాగాడు. మేనేజరు దాన్ని పెద్దరికం అనుకున్నాడు.

"సరే, చెప్పొద్దు లెండి. ఇంతకీ గుమాస్తా ఏమన్నాడు? మొత్తం జీతం మీదే కదా కట్టేది?"

"మూల జీతం మీదటండీ."

మేనేజరు తువ్వాళ్ళ దొంతర మీద కూలబడ్డాడు. "కారు భత్యం?"

"కలవదటండీ."

"ఇంటద్దె?"

"అదీ కలవదట. వాడుకోని సెలవులుంటే మాత్రం..."

"అన్నీ వాడేశాను," అన్నాడు మేనేజరు హీనస్వరంతో.

బావ తన గోడు మర్చిపోయి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. కాసేపటికి తేరుకుని బయటికొచ్చిన మేనేజరు, లాండ్రీ మూయడం లేదని, ఎవరూ ఎక్కడికీ వెళ్ళడం లేదని గట్టిగా ప్రకటించాడు. కొత్త మనిషిని వంటింటి పనికి పంపేశాడు. ఎవరి లెక్క వాళ్ళకి విడివిడిగా చెప్పమని గుమాస్తాకి పురమాయించాడు.

చివరికి బావ వంతూ వచ్చింది. మూల జీతం మీద వచ్చేది తక్కువే. కానీ టిక్కెట్టు ఖర్చు దండగని ఆయన ఏనాడూ పూర్తిగా వాడుకోని సెలవులన్నీ కలిసి కాస్త ఆదుకున్నాయి. సాయంత్రం భార్యకి ఫోను చేశాడు.

"మీ తమ్ముడు క్షేమం. కొత్త యంత్రం మాత్రం రాదే. ఎవరో వాడేసినది వస్తుంది."

"కొత్తదెందుకు లెండి," అంది భార్య. "నడిపేవారు మాత్రం కొత్తవారా? వచ్చెయ్యండి."

ఆ రాత్రి బావ రెండోసారి అడిగి మరీ అన్నం వడ్డించుకున్నాడు.

నోటీసు గడువు తీరాక నిజంగా ఉద్యోగం మానేసినవాడు ఆయనొక్కడే. ఆ గొడవంతటిలో ఎవరికీ అనుమానం రానివాడూ ఆయనొక్కడే.