ప్రశాంత తాండూరు

పట్టణాభివృద్ధి చరిత్రలో తాండూరు ఈ ఏడాది సాధించినది ఇంత తక్కువ శ్రమతో మరే ఊరూ సాధించలేదు. కంది సీజనులో మార్కెట్ యార్డు దారిన కాలు పెట్టే సందు ఉండేది కాదు. ట్రాక్టర్లు, హమాలీల కేకలు, దుమ్ము. ఈసారి ఎండుతెగులుకు చేలు మాడిపోవడంతో దారి అద్దంలా ఉంది. పట్టణ ప్రశాంతత విభాగం అధికారి పరశురాం గారు వచ్చి, శబ్దం కొలిచి, ఊరిని పురస్కారానికి సిఫారసు చేశారు. (మా ఇంట్లోనూ పప్పు వారానికి ఒకసారే ఉడుకుతోంది. కుక్కర్ కూత తగ్గించినందుకు నాకూ ఏమైనా ఇస్తారేమో కనుక్కోవాలి.)

ఒక్కటే చిక్కు. యార్డు గేటు ముందు రబియా మిర్చి బజ్జీల బండి. రైతులే ఆమె గిరాకీ. ఆ బండి మీదే ఇల్లు గడుస్తుంది. రోజుకు వంద మందైనా రాని చోట బండి అనవసరమని తొమ్మిదో నిబంధన. సార్ మూడు రోజులు లెక్కపెడితే, ఆయనతో కలిపి పదకొండు మంది తేలారు. శుక్రవారమే చివరి లెక్క అన్నారు.

శుక్రవారం మా వాడకట్టు ఆడవాళ్లమంతా వెళ్లి బండి ముందు నిలబడ్డాం. రబియా పాత గిరాకీ కాశమ్మ బంట్వారం నుంచి తన ఊరి రైతులను ఆటోల్లో తెచ్చింది.

“కంది బస్తాలేవమ్మా?” కాశమ్మను అడిగారు సార్.

“కంది ఎండింది గని నేను ఎండలే సారూ. నన్ను రాసుకో. రెండుసార్లు రాసుకున్నా ఏమనుకోను.”

నూట నలుగురం తేలాం. సార్ మమ్మల్ని అభినందించి, పుట తిప్పి, వందకు మించి జనం చేరితే బండి రాకపోకలకు అడ్డమనే పదో నిబంధన చదివి వినిపించారు.

రబియా పొయ్యి ఆర్పింది. “మంది లేకుంటె బండెందుకంటిరి. మంది వస్తె అడ్డమంటున్నరు. జర మీరే చెప్పుండ్రి సార్, ఎంతమంది ఉంటె నేను బతకాలె?”

సార్ నిజాయితీపరులు, ఆలోచించే చెప్పారు. సరిగ్గా వంద. (నలుగురం వెళ్లిపోతామన్నాం. లెక్క ముగిసిందట.)

సాయంత్రానికి బండి లేచింది. సోమవారం రబియా హైదరాబాదులో ఎవరింట్లోనో వంట పనికని పొద్దుటి రైలెక్కింది. తుది నివేదికలో పరశురాం గారు ఆమెను ‘స్వచ్ఛందంగా తగ్గిన శబ్దం’ కింద నమోదు చేశారు.