నందికి మిగిల్చిన ముక్కు

మీకొక రహస్యం చెబుతాను, కానీ అది రాతి విగ్రహాలు చెక్కే మా దుర్గి దాటి పోకూడదు. దుర్గిలో తెలిసినా పర్వాలేదు, ఇక్కడ చాలామంది చేసే పనే అది.

విగ్రహం అయిపోవచ్చిందంటే చేయించుకునేవాళ్ళు చూడటానికి వస్తారు. ఒక్కరు రారు, గుడి కమిటీ అంటే జీపు నిండా వస్తారు. అంత దూరం కుదుపులు పడి వచ్చినవాడు ఏదో ఒక వంక పెట్టకుండా తిరిగి వెళ్ళలేడు. ఒకడు కాలు సన్నమంటాడు, ఇంకొకడు మూపురం పొట్టిదంటాడు. రాయిలో తీసేయడం ఉంటుంది గానీ పెట్టడం ఉండదు కదా. సన్నకాలిని లావు చేయమంటే ఇంకో రాయి తెచ్చుకుని మళ్ళీ మొదలు పెట్టాల్సిందే.

అందుకని నేను ప్రతి విగ్రహానికీ ముక్కు కాస్త లావుగా వదిలేస్తాను. వచ్చినవాళ్ళ కళ్ళన్నీ దాని మీదే పడతాయి. "ముక్కు లావైంది అంజయ్యా" అంటారు. "మీ చూపే చూపు సార్, నాకు తట్టనే లేదు" అంటాను. రెండు గంటలు కూర్చుంటే ముక్కు సన్నబడుతుంది. విగ్రహం తామే చెక్కినంత సంబరంగా తీసుకుపోతారు. ఇరవై రెండేళ్ళలో నా విగ్రహం ఒక్కటి కూడా వెనక్కి రాలేదు.

ఈ కిటుకు నా భార్య రోశమ్మకి నేనే చెప్పాను. పెళ్ళయిన కొత్తలో ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని చెప్పాను. ఇప్పుడు అనుభవిస్తున్నాను.

మా అమ్మాయి సుష్మిత నరసరావుపేటలో డిగ్రీ రెండో ఏడు. వీడియోలు తీయడం కూడా ఈ రోజుల్లో చదువేనట. తనూ, జాస్మిన్ అనే స్నేహితురాలూ కలిసి ఒక పాట వీడియో తీశారు. రాసింది సుష్మిత, పాడింది జాస్మిన్. రాయి మీద పాట, నాలుగు నిమిషాలు, తీసింది మా పెరట్లోనే. కాలేజీ మొత్తం మీద ఒక్క వీడియోనే విజయవాడ పోటీకి పంపుతారు. దానికి వాళ్ళ సారు ఒక షరతు పెట్టాడు. వీడియోని నలభై మంది బయటివాళ్ళకి చూపించాలి, బాగున్నదీ బాగాలేనిదీ వాళ్ళచేత కాగితాల మీద రాయించాలి, దాన్నిబట్టి వీడియో మార్చాలి, ఏం నేర్చుకున్నారో రిపోర్టు రాయాలి. సగం మార్కులు వీడియోకి, సగం మార్కులు నేర్చుకున్నదానికి. ఆ పోటీ బెంగతో సుష్మిత నెల్లాళ్ళుగా సరిగా అన్నం తినడం లేదు.

బెంగ నాకూ ఉంది. ఎందుకంటే ఆ వీడియోలో నేను నలభై రెండు సెకన్లు ఉన్నాను.

మాచర్లలో ఉండే నా బావమరిది రామయ్య అయిదేళ్ళ కిందట తిరునాళ్ళలో కొబ్బరికాయ కొడుతూ లోకల్ కేబుల్లో మూడు సెకన్లు కనపడ్డాడు. ఇప్పటికీ ఏ పెళ్ళికి పోయినా ఆ మూడు సెకన్లని మూడు గంటలు చెబుతాడు. నాకు నలభై రెండు సెకన్లు వస్తే వాడు ఇక పెళ్ళిళ్ళకే రాడని నా లెక్క.

అందుకని ఊదారంగు సిల్కు చొక్కా కుట్టించాను. మీసానికి రంగేశాను. రోశమ్మ మాచర్ల బస్టాండులో నల్ల కళ్ళద్దాలు కొనుక్కొచ్చి "నీకు భలే ఉంటయ్యయ్యా" అంటే నేను కరిగిపోయాను. సీనేమిటంటే, రాతిపొడి గాల్లో లేస్తుంది, నేను నిదానంగా వెనక్కి తిరుగుతాను, కళ్ళద్దాలు తీస్తాను, ఉలి పెట్టి ఒక్క దెబ్బ కొడతాను. అంతా స్లోమోషన్.

"నాన్నా, నలభై మంది నలభై రకాల వంకలు పెడితే నేనేం చెయ్యాలి?" అంది సుష్మిత ఒక శనివారం.

"ముక్కొదిలిపెట్టు."

"ఏంది?"

ముక్కు సంగతి మొత్తం విప్పి చెప్పాను. "కావాలనే ఒక లోపం వదులు. అందరూ దాన్నే పట్టుకుంటారు. తీసేస్తావు. నేర్చుకున్నానని రాస్తావు. అయిపోయింది."

"అది మోసం కదా నాన్నా."

"మోసమేంది? వృత్తిధర్మం."

ఏ లోపం వదలాలో కూడా నేనే చెప్పాను. మా ఇంట్లో ఒక బర్రె ఉంది. బ్యాంకు మేనేజరు దగ్గరికి తిరిగినట్టు ఏ పూటైనా మూడుసార్లు తిరిగితే గానీ పాలివ్వదు కాబట్టి దానికి మేనేజరమ్మ అని పేరు. పాటలో బాగా ఏడుపొచ్చే చరణం తీస్తున్నప్పుడు అది మధ్యలోకి వచ్చి జాస్మిన్ చున్నీ నమిలి, కెమెరా వైపు తిరిగి గట్టిగా అరిచింది. సుష్మిత ఆ ముక్క తీసేసింది. దాన్నే మళ్ళీ పెట్టమన్నాను.

గోంగూర ఒలుస్తున్న రోశమ్మ తలెత్తింది. "మీ నాన్న మాట బాగుందే. ఒక లోపం పెట్టు."

నా మాట బాగుందని రోశమ్మ అనడం ఇరవై రెండేళ్ళలో అదే మొదలు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. కానీ గర్వం వచ్చింది.

మర్నాడు పొద్దున పది గంటలకి టీవీ వసారాలో పెట్టి ఇరుగుపొరుగు ముప్పై మందిని కూర్చోబెట్టాం. రాయలేనివాళ్ళు చెబితే జాస్మిన్ రాసిపెడుతుంది. వీడియో వేసేముందు నేను లేచి నిలబడ్డాను.

"లోపాలేమన్నా కనపడితే మొహమాటపడకండి. ముఖ్యంగా ఏడన్నా బర్రె లాంటిది కనపడితే తప్పకుండా రాయండి."

"పాటలోకి బర్రె ఎందుకొచ్చుద్ది అన్నా?" అంది పక్కింట్లో బట్టలు కుట్టే నజీమా.

"వచ్చుద్దని కాదు. వస్తే."

పాట మొదలైంది. ఏడుపు చరణంలో మేనేజరమ్మ నడిచొచ్చింది, చున్నీ నమిలింది, అరిచింది. వసారా అంతా చప్పట్లు. మళ్ళీ వెయ్యమన్నారు. వేశాం. టీవీలో తన గొంతు తనే విని పాకలోంచి మేనేజరమ్మ బదులు పలికింది. టీవీలో ఒక అరుపు, పాకలో ఒక అరుపు. మూడోసారి వేసేసరికి అది తాడు తెంపుకుని వసారాలోకి వచ్చి టీవీ ముందు నిలబడింది. అందరూ జరిగి చోటిచ్చారు.

తర్వాత నా నలభై రెండు సెకన్లు వచ్చాయి. ఎవరో దగ్గారు. బర్రె వెళ్ళిపోయింది.

కాగితాలు జాస్మిన్ చదివింది. "బర్రె బాగుంది. ఇంకాసేపు ఉంటే బాగుండేది. కళ్ళద్దాలాయన్ని తీసేస్తే మంచిది."

"తర్వాతది చదువమ్మా" అన్నాను.

"కళ్ళద్దాలాయన ఎవురో గానీ, ఉలి తిరగేసి పట్టుకున్నాడు."

మీరు నవ్వొద్దు. దుర్గిలో ఇరవై రెండేళ్ళు ఉలి పట్టినవాణ్ణి. కానీ కెమెరా కేసి చూస్తూ, కడుపు లోపలికి పీల్చుకుని, కళ్ళద్దాలు తీస్తూ ఉంటే మొన ఎటుందో ఎవడికి తెలుస్తుంది? ఊళ్ళో ఊయలలో పిల్లకి కూడా ఉలి ఎటు పట్టాలో తెలుసు. సుత్తితో మొన మీద కొడుతున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

"నజీమక్క రాసింది చదవనా అంకుల్?" అంది జాస్మిన్ భయపడుతూ. "అంజన్న రోజూ రాయినే చూస్తాడు, మొహం కడుక్కునేటప్పుడు కూడా రాయినే చూస్తాడు. ఇందులో రాయిని చూడకుండా మమ్మల్ని చూస్తన్నాడేంది?"

ముప్పై కాగితాల్లో ఇరవై ఆరు నా మీదే. బర్రెని తీసేయమన్నవాడు ఒక్కడు కూడా లేడు.

అయినా ఇంకా పది కాగితాలు కావాలి. ఆ సాయంత్రమే క్రోసూరు నుంచి గుడి కమిటీ తాము చేయించుకున్న నందిని చూడటానికి వస్తోంది, సరిగ్గా పదిమంది. నా పని మెచ్చి వస్తున్నవాళ్ళు, నన్ను కాదనరు. నలభైలో ఈ పది గట్టిగా రాస్తే నేను బతుకుతాను అనుకున్నాను.

"ఆళ్ళకెందుకయ్యా వీడియో? నందిని చూసుకుని పోనీ" అంది రోశమ్మ.

"నీకు తెలవదు ఉండే."

కమిటీ దిగగానే టీవీ ముందు కూర్చోబెట్టాను. ప్రెసిడెంటు రవి కుమార్ గారు వంకలు పెట్టడంలో ఆరితేరినవాడు. వీడియో అయిపోయాక ఆయన టీవీ వంక చూశాడు, నా వంక చూశాడు, మళ్ళీ టీవీ వంక చూశాడు.

"అంతా బాగుంది గానీ అంజయ్యా, నీ ముక్కు చానా లావుగా ఉంది."

మిగతా తొమ్మిదిమందీ అదే అన్నారు. ఒకాయన పక్కనుంచి, ఒకాయన కిందనుంచి కూడా చూసి చెప్పాడు. పది కాగితాలూ నా ముక్కుతో నిండిపోయాయి.

అసలు గొడవ ఆ తర్వాత వచ్చింది. వంకలన్నీ వీడియో మీద ఖర్చుపెట్టేశారు కదా, నంది దగ్గరికి వచ్చేసరికి ఒక్కరి దగ్గరా ఏమీ మిగల్లేదు. "నంది నందే. చెయ్యి పెట్టొద్దు" అన్నాడు రవి కుమార్ గారు.

"సార్, ముక్కు కొంచెం..."

"ముక్కుకేమైంది? అందమంతా ముక్కులోనే ఉంది."

"రెండు గంటలు ఆగండి సార్. సన్నం చేసిస్తా."

"నీ ముక్కు మీద కోపం నంది మీద చూపించబాకు అంజయ్యా" అని అప్పటికప్పుడు ట్రాక్టరు మాట్లాడి నందిని ఎక్కించారు. ఉలి పట్టుకుని ఊరి చివరిదాకా ట్రాక్టరు వెనకాల పరిగెత్తాను. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి నా నంది లావు ముక్కుతో దుర్గి దాటింది.

ఇంటికొచ్చేసరికి సుష్మిత లాప్‌టాప్ ముందు కూర్చుని నన్ను కోస్తోంది.

"ఒక ఇరవై సెకన్లు ఉంచమ్మా."

"తీసెయ్యాలి నాన్నా."

"పది. కళ్ళద్దాలు లేకుండా."

"నాన్నా, నువ్వు లేకపోతే నాకు వీడియోనే లేదు. కానీ నువ్వున్న చోట పాట లేదు."

ఆ మాటతో నేను బేరం ఆపేశాను. తీసెయ్యమన్నాను. కూతురి పోటీ కంటే రామయ్య ఎక్కువా?

అప్పుడు సుష్మిత ఖాళీ అయిన చోట ఇంకో ముక్క పెట్టింది. చినిగిన బనియను, తలనిండా రాతిపొడి. వీపు ఇటు, మొహం రాయి వైపు. లోకం తెలియకుండా ఒకడు చెక్కుతున్నాడు. తొమ్మిది సెకన్లు.

"ఎవరే ఇది?" అన్నాను.

"నువ్వే. అమ్మ ఫోన్లో తీసింది."

"ఎప్పుడు?"

రోశమ్మ పొయ్యి వైపు తిరిగింది. సుష్మిత నవ్వాపుకుంటోంది. "కళ్ళద్దాలు కొనకముందు."

నాకింకా అర్థం కాలేదు. "అయితే బర్రెని ఎందుకు తీసెయ్యలేదు? అదే కదా మనం వదిలిన ముక్కు."

"బర్రె ముక్కు కాదయ్యా" అంది రోశమ్మ. "ముక్కువి నువ్వే. నువ్వు పిల్లకి ముక్కు సంగతి చెప్పకముందే నేను చెప్పా. ఊరికే వద్దంటే వింటావా? అందుకే చొక్కా కుట్టించుకోనిచ్చా, కళ్ళద్దాలు కూడా కొనిచ్చా. ఊరు మొత్తం చెబితే గానీ దిగవని తెలుసు."

"ఏమే, ఇరవై రెండేళ్ళు కాపరం చేశానే నీతో."

"అందుకేగా తెలిసింది."

రిపోర్టు మాత్రం సుష్మిత నిజాయితీగా రాసింది. మేము ఒక లోపం కావాలని వదిలాం, అది పట్టుకుంటారని మాకు ముందే తెలుసు, దానివల్ల మేము నేర్చుకున్నది ఏమీ లేదు అని రాసింది. నేర్చుకున్నది నజీమా కాగితంలో దొరికిందట. "రాయిని చూడకుండా మమ్మల్ని చూస్తన్నాడేంది" అన్న మాట చదివి మళ్ళీ వీడియో చూసుకుంటే, పాడే జాస్మిన్ కూడా మొత్తం కెమెరానే చూస్తోందట. ఆ చరణాలన్నీ మళ్ళీ తీశారు. ఈసారి ఆమె రాయిని చూస్తూ పాడింది. వాళ్ళ సారు ఆ పేజీ క్లాసులో చదివి వినిపించి, వీడియోని విజయవాడకి పంపాడు.

ఫోన్లలో తిరుగుతున్న ఆ వీడియో చూసి రామయ్య ఫోన్ చేశాడు. "బావా, బర్రె అదరగొట్టింది. నువ్వు యాడున్నావు?"

"రెండో నిమిషంలో ఒక వీపు వచ్చుద్ది చూడరా. అది నాదే."

"నేనన్నా మొహంతో వచ్చా బావా" అని పెట్టేశాడు.

క్రోసూరులో లావు ముక్కు నందిని జనం తెగ మెచ్చుకుంటున్నారట. ఇప్పుడు నా దగ్గరికి విగ్రహం చూడటానికి వచ్చినవాళ్ళు ముక్కు జోలికే పోవడం లేదు. "ఆ వీడియోలో వీపు మీదేనా? ఏదీ, ఒకసారి తిరగండి" అంటున్నారు.

నేను రోశమ్మ వంక చూస్తాను. "తిరగవయ్యా, అంత దూరం నించి వచ్చారు" అంటుంది.

తిరుగుతున్నాను.